గ్రంథాలయం ఆన్‌లైన్ పుస్తక చర్చలో చేరాలంటే: హైదరాబాద్ పాఠకులకు మార్గదర్శి

మా పేట గ్రంథాలయం పాఠకుల వాట్సాప్ గ్రూపులో చేరడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. లైబ్రేరియన్ గారు లింకు పంపారు, నొక్కాను, అయిపోయింది. ఆ నెల వాళ్ళు చదువుతున్న నవల నా చేతికి రావడానికి మాత్రం పదకొండు రోజులు పట్టింది. గ్రంథాలయంలో ఉన్నది ఒక్కటే ప్రతి, గ్రూపులో ఉన్నది అరవై మంది. నెలాఖరు ఆదివారం చర్చ నాటికి నేను సగం కూడా చదవలేదు. గంటన్నర సేపు నోరు మూసుకుని వినేసి ఫోన్ కట్టేశాను.

అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. ఫోన్ పని ఎవరో ఒకరు చేసిపెడతారు, ఇంట్లో పిల్లలో పక్కింటి వాళ్ళో. పుస్తకం సంగతి మాత్రం మనమే చూసుకోవాలి, అదీ అందరికంటే ముందుగా. అందుకే ఇక్కడ యాప్‌ల ముచ్చట తక్కువ, పుస్తకం సంపాదించడం, చదవడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

మొదటి పని: గ్రంథాలయానికి వెళ్ళడం

ఆన్‌లైన్ వ్యవహారమే కదా, ఇంట్లో కూర్చుని వెతికితే దొరకదా అనిపిస్తుంది. నేనూ రెండు సాయంత్రాలు అలాగే వెతికాను. కానీ ఇలాంటి గ్రూపులు బయట బోర్డు కట్టుకుని ఉండవు. రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్ళు నలుగురు, వారం వారం నవలలు తీసుకెళ్ళే ఆడవాళ్ళు కొందరు, పుస్తకాల పిచ్చి ఉన్న లైబ్రేరియన్ ఒకరు కలిస్తే గ్రూపు పుడుతుంది. దాని ఆచూకీ ఆ నలుగురికే తెలుస్తుంది. కౌంటర్ దగ్గర అడిగితే తెలియకపోయినా, రీడింగ్ హాల్లో కూర్చున్న పెద్దాయనను అడిగితే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్ళాలన్నది మీ ఇంటిని బట్టి ఉంటుంది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆస్పత్రి దగ్గర ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. బయట బస్సుల మోత, లోపల ఎత్తైన కప్పు కింద నిశ్శబ్దం. ఒక్కసారైనా చూడాల్సిన చోటు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటుంది. పొద్దున్నే వెళ్ళకపోతే కుర్చీ దొరకడం కష్టం. అదే హడావుడిలో సాహిత్యం అల్మారాల వైపు నడిస్తే అక్కడ మీరొక్కరే ఉంటారు! సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సర్కారీ గ్రంథాలయం కాదు. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు లేని రోజుల్లో, 1901 సెప్టెంబర్ 1న, కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్ళు పూనుకుని పెట్టినది.

ఇన్ని చెప్పాను గానీ, నెలకు రెండుసార్లు పుస్తకం కోసం తిరగాలంటే మీ పేటలోని శాఖా గ్రంథాలయమే మేలు. నగర గ్రంథాలయ సంస్థ కింద ఊరంతా శాఖలున్నాయి. చిన్న గది, నాలుగు బల్లలు, గోడకు గడియారం. అక్కడ మూడోసారి వెళ్ళేసరికి మీ మొహం గుర్తుపడతారు. గ్రూపులో చేరడానికి అంతకంటే మంచి సిఫారసు లేదు.

మొహమాటపడేవాళ్ళకు ఒక మాట. మీ ఇంటి పన్ను వివరాలు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని ఒక పద్దు ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. అద్దె ఇంట్లో ఉన్నా ఆ పైసలు చివరికి మీ అద్దెలోంచే పోతాయి. కాబట్టి గ్రంథాలయం వాళ్ళను అడగడం అంటే ఎవరినో దేబిరించడం కాదు.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో వెళితే పని తేలిగ్గా అవుతుంది. ఉపన్యాసాలు, పిల్లల పోటీలు పెడతారు, పాత పాఠకులంతా కనబడతారు, గ్రూపు గురించి కబుర్లూ అక్కడే దొర్లుతాయి. మిగతా రోజుల్లో వెళ్ళేటప్పుడు సెలవు ఏ రోజో ముందు కనుక్కోండి. ఆదివారమే సెలవనుకుని మిగతా రోజుల్లో వెళ్ళి, మూసిన తలుపు చూసి తిరిగొచ్చిన రోజులు నాకున్నాయి.

సభ్యత్వం

హాల్లో కూర్చుని చదువుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పుస్తకం ఇంటికి తేవాలంటేనే సభ్యత్వం. గుర్తింపు కార్డు జిరాక్సు, చిరునామా రుజువు, ఫోటోలు పట్టుకెళ్ళండి, దరఖాస్తు అక్కడే ఇస్తారు. కొంత డిపాజిట్ కట్టాలి. సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి రావాలంటే ఆ రసీదు కావాలి, ఇనప్పెట్టెలో పెట్టినట్టు దాచుకోండి. ఒక్కసారికి ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఎన్ని రోజులకు తిరిగి ఇవ్వాలి, గడువు పెంచుతారా అన్న మూడు ప్రశ్నలు అప్పుడే అడిగేయండి. చర్చ నెలాఖరున, గడువు రెండు వారాలు అయితే మధ్యలో ఒకసారి వెళ్ళి తేదీ వేయించుకోవాల్సి వస్తుంది.

సభ్యత్వం లేకుండా గ్రూపులో చేరనిస్తారా? చాలా చోట్ల చేరనిస్తారు. అయినా తీసుకోండి, ఎందుకో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

గ్రూపులో చేరేముందు అడగాల్సినవి

లింకు ఇచ్చారు కదా అని నొక్కేయకండి. ముందు ఆ గ్రూపు తీరు కనుక్కోండి. నేను చూసినంతలో మూడు రకాలున్నాయి. నెలకు ఒక పుస్తకం పెట్టుకుని అందరూ అదే చదివేవి ఒక రకం. ఎవరికి నచ్చింది వాళ్ళు చదివి, వంతులవారీగా చెప్పేవి ఇంకో రకం. వారానికి ఒక కథ పెట్టుకుని మాట్లాడుకునేవి మూడోవి.

కొత్తవాళ్ళకు మూడోదే మంచిదని నా అభిప్రాయం. కథ ఒక్క మధ్యాహ్నంలో చదివేయవచ్చు, పుస్తకం దొరకలేదన్న బాధ లేదు, ఒక వారం తప్పినా కొంప మునగదు. రెండో రకం వినడానికి బాగుంటుంది గానీ, నలుగురు చదవని పుస్తకం గురించి ఒకరే చెబుతుంటే అది ఉపన్యాసం అవుతుంది. చర్చ కావాలంటే మొదటి రకమో మూడో రకమో చూసుకోండి.

తర్వాత భాష. హైదరాబాద్ కదా, తెలుగు గ్రూపు అంటారు, పావుగంటలో ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి హిందీలోకి దొర్లిపోతుంది. అందులో తప్పేం లేదు, మీకు ఇబ్బంది లేకపోతే. మీకు తెలుగులోనే మాట్లాడాలని ఉంటే ఆ మాట ముందే అడగండి. చర్చ ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది కూడా. రాత్రి ఎనిమిదిన్నరకు పెడితే వంటింట్లో ఉండే ఆడవాళ్ళు రాలేరని మా గ్రూపు వాళ్ళకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెడుతున్నాం.

వాట్సాప్ గ్రూపులో మీ నంబరు అందరికీ కనిపిస్తుంది. ఇది తెలిసే చేరండి. చేరేముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి ప్రొఫైల్ ఫోటో మీ కాంటాక్ట్స్‌కు మాత్రమే కనిపించేలా మార్చుకోవచ్చు. చర్చతో సంబంధం లేని ప్రైవేటు మెసేజ్‌లు ఎవరైనా పెడితే మొహమాటపడకుండా అడ్మిన్‌కు చెప్పండి. గ్రూపులో చూసి నంబరు పట్టుకున్నవాళ్ళు "సభ్యత్వం రెన్యువల్" అని డబ్బులో ఓటీపీనో అడిగినా ఇవ్వకండి. డిపాజిట్ కట్టేది కౌంటర్‌లో, రసీదు తీసుకుని.

చేరగానే పెట్టే మొదటి మెసేజ్ రెండు వాక్యాలు చాలు. నేను పెట్టింది ఇది: "నమస్కారం. నల్లకుంటలో ఉంటాను, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను, కథలు ఎక్కువ చదువుతాను, ఈ నెల పుస్తకం ఇంకా దొరకలేదు." చివరి ముక్క వల్లే ఒకావిడ తన ప్రతి ఇస్తానని ముందుకొచ్చింది.

గ్రూపు పేరు మీద నొక్కితే వివరాల్లో ఆ నెల పుస్తకం, తేదీ రాసి ఉంటాయి. మళ్ళీ మళ్ళీ అడగకుండా అక్కడ చూడండి. మెసేజ్‌ల మోత భరించలేకపోతే గ్రూపును మ్యూట్‌లో పెట్టుకోండి, ఎవరికీ తెలియదు.

అసలు పని: పుస్తకం చేతికి రావడం

పుస్తకం పేరు ప్రకటించిన రోజే కదలాలి. ఆ రోజు సాయంత్రానికే కౌంటర్ దగ్గర మాట ఇలా ఉంటుంది.

"సార్, ఈ నవల ఉందా?"

"ఉందమ్మా, బయటికి పోయింది."

"ఎప్పుడొస్తుంది సార్?"

"తీసుకుపోయినాయన ఇస్తే వస్తది."

ఇక్కడ తిరిగి వచ్చేయకూడదు. ఆ పుస్తకం వాపసు రాగానే నాకు ఇవ్వండి అని పేరు, ఫోన్ నంబరు రాసిచ్చి రండి. వేరే శాఖలో ఉందేమో ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటారా అని అడగండి. అడిగిన నాలుగుసార్లలో మూడుసార్లు ఆయన ఫోన్ చేశారు. నాలుగోసారి ఆయనకు జ్వరం.

అల్మారాలో మీరే వెతుక్కోగలిగితే ఇంకా మంచిది. డ్యూయీ పద్ధతిలో, అంటే ఒక్కో విషయానికి ఒక్కో సంఖ్య ఇచ్చి, సర్దిన గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం సంఖ్య 894.827. దాని చివర 3 చేరితే కథలు, నవలలు. 894.8273 అన్న చీటీ అంటించిన వెన్నులన్నీ ఒక వరుసలో కనబడతాయి. పాఠకులు తీసి ఎక్కడో ఒకచోట దూర్చేస్తారు కాబట్టి పైవరుస, కిందివరుస కూడా చూడండి. కంప్యూటర్‌లో "ఉంది" అని చూపించి అల్మారాలో కనబడని పుస్తకం చాలాసార్లు రీడింగ్ హాల్ బల్ల మీదే ఉంటుంది.

గ్రంథాలయంలో దొరక్కపోతే రెండో దారి, ఇంటర్నెట్‌లో చట్టబద్ధంగా ఉన్న ప్రతి. ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. మన దేశంలో రచయిత బతికుండగా అచ్చయిన పుస్తకం మీద హక్కు, ఆ రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, వట్టికోట ఆళ్వారుస్వామి ఇద్దరూ 1961లోనే పోయారు. అంటే 2022 జనవరి నుంచి వాళ్ళు అచ్చువేసిన రచనలు అందరివీ. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయనవి ఎప్పుడో అందరివీ అయ్యాయి. చలం 1979లో పోయారు, ఆయన పుస్తకాల మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. అనువాదమైతే అనువాదకుడి హక్కు వేరేగా లెక్కపెట్టాలి. టాల్‌స్టాయ్ 1910లో పోయారు గదా అని నిన్నమొన్నటి తెలుగు అనువాదం ఉచితం అయిపోదు.

హక్కులు ముగిసినవాటి కోసం తెలుగు వికీసోర్స్ అనే వెబ్‌సైట్ చూడండి. అక్కడ పాఠం టైపు చేసి ఉంటుంది, ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుని చదవచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు వేలకొద్దీ ఉన్నాయి. కానీ వాటిలో చాలా వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళు. తెలుగులో టైపు చేసి "లేదు" అనుకోకండి. దీర్ఘం దగ్గర ఒక 'ఎ' పెట్టి, రెండు 'ఎ'లు పెట్టి, సున్నా దగ్గర 'ఎన్' బదులు 'ఎమ్' పెట్టి వెతకండి. అదీ కాకపోతే రచయిత ఇంటిపేరుతో. దించుకున్నాక మధ్యలో పేజీలు తిరగేసి చూసుకోండి, కొన్ని స్కాన్లలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. క్లైమాక్స్‌లో నాలుగు పేజీలు లేని నవల చదివిన బాధ నాకు తెలుసు.

హక్కులున్న పుస్తకం పీడీఎఫ్ గ్రూపులో ఎవరో పడేస్తారు. తీసుకోకపోవడమే కాదు, పెట్టవద్దని కూడా చెప్పండి. వెయ్యి కాపీలు వేసి, అమ్ముడుపోయేదాకా ఏళ్ళు ఎదురుచూసే ప్రచురణలు మనవి. చర్చించుకునే వాళ్ళమే దొంగ కాపీ చదివితే ఇక కొనేదెవరు?

మూడో దారి కొనుక్కోవడం. కొత్తవాటికి కాచిగూడలో నవోదయ పుస్తకాల షాపు ఉంది. పాతవాటికి కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఆబిడ్స్‌లో తెలుగు పుస్తకాలు ఇంగ్లీషు వాటి కింద అణిగి ఉంటాయి, వంగి వెతకాలి. ఫలానా పుస్తకమే కావాలని అక్కడికి వెళితే దొరకదు. మూడు నెలల తర్వాత గ్రూపు పెట్టబోయే పుస్తకం మాత్రం దొరుకుతుంది. డిసెంబర్‌లో పుస్తక ప్రదర్శనకు గ్రూపు వచ్చే ఏడాది జాబితాతో వెళితే ఆటో ఖర్చు గిట్టుబాటు అవుతుంది.

నాలుగోది, మాకు బాగా పనికొచ్చినది: వంతులు. మా గ్రూపులో ఒక ప్రతిని ముగ్గురు పంచుకుంటాం. ఒక్కొక్కరికి ఎనిమిది రోజులు. ఒకరి దగ్గర నుంచి ఒకరికి విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పురా మధ్య చేతులు మారుతుంది. గ్రంథాలయం పుస్తకం అయితే కార్డు ఎవరిదో బాధ్యత వాళ్ళదే కాబట్టి తేదీ దాటకుండా చూసుకోవాలి. సొంత పుస్తకం అయితే తిరిగి వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్ళకే ఇవ్వండి. ఈ విషయంలో నాకు మనుషుల మీద పెద్ద నమ్మకం లేదు.

చర్చ కోసం చదవడం

ఊరికే చదవడానికి, చర్చకు చదవడానికి చిన్న తేడా ఉంది. 240 పేజీల నవల, చేతిలో 25 రోజులు అనుకోండి. రోజుకు 12 పేజీలు పెట్టుకుంటే 20 రోజుల్లో అయిపోతుంది. మిగిలిన ఐదు రోజులు గుర్తుపెట్టుకున్న చోట్లు మళ్ళీ చూడటానికి. మొదటివారంలోనే ఊపులో చదివేసి చర్చ నాటికి పాత్రల పేర్లు మర్చిపోయేవాళ్ళు మా గ్రూపులో కొందరున్నారు. చివరి రాత్రి మొదలుపెట్టేవాళ్ళ కంటే వాళ్ళు నయం.

పుస్తకం గ్రంథాలయానిది, గీతలు గీయకూడదు, మూలలు మడవకూడదు. పాత క్యాలెండర్ కాగితం చీటీలుగా కత్తిరించి పెట్టుకోండి. నేను నవలకు మూడే చీటీలు వాడతాను. చదువుతూ ఆగిపోయిన చోట ఒకటి. ఇలా జరగదే, నమ్మబుద్ధి కావడం లేదే అనిపించిన చోట ఒకటి. ఎవరినైనా అడిగి తెలుసుకోవాలనిపించిన చోట ఒకటి. చదువుతుండగా చీటీ జాగా మారుతుంటుంది, మారనివ్వండి. చీటీ మీద నాలుగు మాటలు పెన్సిల్‌తో రాస్తాను. చర్చలో మాట్లాడటానికి ఆ మూడు చాలు, మిగులుతాయి కూడా.

చీటీ మీద పేజీ సంఖ్య ఒక్కటే రాయకండి. ఇది నా అనుభవం. ఒక చర్చలో ఎంతో ధీమాగా "112వ పేజీ చూడండి" అన్నాను. అందరూ పేజీలు తిప్పుతున్న చప్పుడు. "మా దాంట్లో అక్కడ పెళ్ళి జరుగుతోందండీ" అని ఒకరు. "నా దాంట్లో ఖాళీ పేజీ" అని ఇంకొకరు. నాది పాత ముద్రణ, వాళ్ళవి మూడు రకాల కొత్త ముద్రణలు. ఆ వాక్యం అందరికీ దొరికేసరికి ఐదు నిమిషాలు పోయింది, నా ఆవేశమూ పోయింది. అధ్యాయం సంఖ్య, అది కూడా లేకపోతే ఆ పేరా మొదటి మూడు మాటలు రాసుకోండి.

యూట్యూబ్‌లో కథ సారాంశం విని వస్తే? వినేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. సారాంశం విన్నవాళ్ళు కథ చెబుతారు, చదివినవాళ్ళు వాక్యం చెబుతారు. చదవడం పూర్తికాకపోతే "నూట యాభై పేజీల దాకా చదివాను" అని ముందే చెప్పి కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ముగింపు చెప్పొద్దని అడగకండి. చర్చ అంటే ముగింపు కూడా.

ఫోన్ సర్దుకోవడం

ఇది తొందరగా ముగిస్తాను. చర్చ జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో ఉంటుంది. రెండిటికీ ఉచిత ఖాతాల్లో సమయం పరిమితి ఉంది. జూమ్‌లో 40 నిమిషాలు, మీట్‌లో ముగ్గురు అంతకంటే ఎక్కువ మంది ఉంటే 60 నిమిషాలు. మధ్యలో కట్ అయితే మీ ఫోన్ చెడిపోలేదు, కంగారు పడకండి. గ్రూపులో మళ్ళీ లింకు పెడతారు, నొక్కి లోపలికి రండి.

జూమ్ మీ పేరు అడిగినప్పుడు మీ పేరే రాయండి, కుదిరితే తెలుగులో. ఒకసారి మా నిర్వాహకురాలు వెయిటింగ్ రూమ్‌లో "రెడ్‌మీ నోట్" అని ఉన్న ఇద్దరిని ఎవరో తెలియక అరగంట బయటే ఉంచేసింది. అందులో ఒకాయన ఆ రోజు పుస్తకం పరిచయం చేయాల్సిన మనిషి! మీట్ అయితే ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా పేరు, ఫోటో వచ్చేస్తాయి. మనవడి ఖాతాతో వస్తే మీరు కార్టూన్ బొమ్మలా కనబడతారు.

వీడియో పెట్టుకుని కూర్చుంటే గంటకు ఒక జీబీకి అటూ ఇటూగా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ ఉన్నవాళ్ళు మాట్లాడేటప్పుడు మాత్రమే వీడియో పెట్టండి. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే ప్రతిధ్వని రాదు. మాట్లాడనప్పుడు మ్యూట్. చర్చకు ముందురోజు ఇంట్లో ఎవరితోనైనా ఒకసారి కాల్ చేసి, మ్యూట్ తీయడం, చెయ్యి ఎత్తే గుర్తు నొక్కడం చూసుకోండి. అంతే.

టైపు చేయడం కష్టమైతే ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టి మైకు గుర్తు నొక్కి మాట్లాడండి, అదే రాసిపెడుతుంది. పంపేముందు ఒకసారి చదువుకోండి. "కథనం బాగుంది" అంటే "కదనం బాగుంది" అని రాసింది నాది.

చర్చ రోజు

మొదటిసారి టెన్షన్ ఉంటుంది. చివర్లో మాట్లాడదాం అనుకుంటారు, చివరికి వచ్చేసరికి మీరు చెప్పాల్సింది ఇంకొకరు చెప్పేస్తారు. రెండోవారో మూడోవారో చెయ్యి ఎత్తండి. రెండు నిమిషాలు మాట్లాడండి.

"చాలా బాగుంది, అందరూ చదవాల్సిన పుస్తకం" అనకండి. అంటే తర్వాత ఎవరూ దేనికీ జవాబు చెప్పలేరు. మేం ఒక పల్లెటూరి నవల చదివినప్పుడు కొత్తగా చేరిన అమ్మాయి ఇలా మొదలుపెట్టింది: "పొలం అమ్మిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదని రాశారు. కానీ వంట చేశారని కూడా రాశారు. ఎందుకు చేసినట్టు?" అంతే, ఇరవై నిమిషాలు అదే నడిచింది. ఇంట్లో చావు అయినా పొయ్యి వెలిగించిన సందర్భాలు ఒకరు చెప్పారు, పిల్లల కోసం వండి ఉంటారని ఒకరు, రచయిత మరిచిపోయి ఉంటాడని ఒకరు. ఆ అమ్మాయి తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరమే రాలేదు.

మీకు అర్థం కాని మాట ఉంటే సిగ్గుపడకుండా అడగండి. హైదరాబాద్ గ్రూపుల్లో నాకు బాగా నచ్చేది అదే. జనగామ వాళ్ళు, గుంటూరు వాళ్ళు, కర్నూలు వాళ్ళు ఒక చోట కూర్చుంటారు. ఒక తెలంగాణ కథలో "దూపైతున్నది" అని ఉంటే తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒకావిడ, ఎండలో నడిచొచ్చిన మనిషి సాంబ్రాణి ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదంది. నవ్వులు ఆగాక జనగామ ఆయన చెప్పారు: "దూప అంటే దాహం అమ్మా. ధూపం కాదు." వెంటనే కైకిలి అంటే కూలి అని, అర్ర అంటే గది అని వరసగా బయటికొచ్చాయి. అప్పటి నుంచి ఎవరికి తెలియని మాట వాళ్ళు గ్రూపులో పెడుతున్నారు, ఆ ఊరి వాళ్ళు అర్థం చెబుతున్నారు. అచ్చయిన నిఘంటువులో ఇంత వివరంగా దొరకదు.

ఎదుటివాళ్ళతో ఏకీభవించకపోతే వాళ్ళు చెప్పిన సన్నివేశం పేరెత్తి, "నాకు అక్కడ వేరేగా అనిపించిందండీ" అని మొదలుపెట్టండి. పుస్తకాల్లో కులం, మతం, రాజకీయం లేకుండా ఉండవు, వాటి మీద మాట వేడెక్కుతుంది. పుస్తకంలోని మనుషుల గురించి ఎంత గట్టిగానైనా వాదించవచ్చు. గ్రూపులో కూర్చున్న మనిషి గురించి ఒక్క మాట పడినా ఆపేయాలి. మా గ్రూపులో అలా జరిగినప్పుడు నిర్వాహకురాలు గట్టిగా ఏమీ అనలేదు, "మనం ఏడో అధ్యాయంలో ఉన్నాం అన్నయ్యగారూ" అంది. ఆయన మళ్ళీ ఏడో అధ్యాయంలోకి వచ్చారు.

ఎవరైనా రికార్డ్ చేస్తుంటే ముందు అందరికీ చెప్పాలి. మీరు చేయాలనుకున్నా అడిగే చేయండి.

మీ పేటలో గ్రూపు లేకపోతే

లైబ్రేరియన్‌ను అడగండి. "మీరు పెట్టండి" అనకుండా, "నేను చూసుకుంటాను, మీరు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించనివ్వండి" అని అడగండి. వాళ్ళకు ఇప్పటికే చేతినిండా పని. ఐదుగురు దొరికితే చాలు. మొదటి మూడు వారాలూ హక్కులు ముగిసిన కథలు పెట్టుకోండి, అందరికీ ప్రతి దొరుకుతుంది. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డ్‌లు పెట్టకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. తర్వాత పెడితే అలుగుతారు.

చర్చ అయ్యాక

చర్చ అయిన మర్నాడే పుస్తకం తిరిగి ఇచ్చేయండి. ఉన్నది ఒకటే ప్రతి, చర్చ విని అప్పుడు చదవాలనిపించినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు, కౌంటర్‌లో పేర్లు రాసి ఉంటాయి. ఇచ్చేముందు చీటీలు తీసేయండి. ఒక చేత్తో వెన్ను పట్టుకుని తలకిందులు చేసి దులిపితే లోపల ఉన్నవన్నీ రాలతాయి. నేను అలా దులపకుండా ఇచ్చిన ఒక నవల నాలుగు నెలల తర్వాత మళ్ళీ మా ఇంటికి వచ్చింది, గ్రూపులో ఒకాయన తీసుకొచ్చి ఇచ్చారు. లోపల నా రెండో చీటీ ఉంది, దాని కింద ఆయన పెన్సిల్‌తో రాసిన జవాబు ఉంది, దానితో పాటు నేను ఇల్లంతా వెతికిన మార్చి నెల కరెంటు బిల్లు కూడా ఉంది.